రాగి చెంబులో నానిన పొర

ఏం చదువుతున్నావని అడిగిన చుట్టాలకు మొదటి రెండేళ్లు నేను నిజమే చెప్పాను. ప్లాస్టిక్ కాగితంలాంటి పలచటి పొర ఒకటి చేస్తాననీ, దానికి ఒక పక్క హైడ్రోజన్, ఇంకో పక్క గాలి పంపిస్తే కరెంటు పుడుతుందనీ, పొగా మసీ లేకుండా బయటికి వచ్చేది ఉత్త నీళ్లేననీ చెప్పేదాన్ని. అంతా ఓపిగ్గా విని, "అయితే కవర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం వస్తాదా?" అని అడిగేవాళ్లు. మా చిన్నాయన ఒకాయన రేణిగుంట గోడౌన్లలో తనకు తెలిసినవాళ్లు ఉన్నారని, ఒక మాట వేస్తానని అన్నాడు కూడా. మూడో ఏడు నుంచి "కెమిస్ట్రీ" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోవడం నేర్చుకున్నాను.

నిజానికి తిరుపతిలో ఉండేవాళ్లకు ఈ పొర సంగతి చెప్పడం కష్టమేమీ కాదు. కొండ మీద క్యూలో ఒక్కసారి నిలబడినవాళ్లెవరికైనా సగం వచ్చేసినట్టే. హైడ్రోజన్ పొర దగ్గరికి వచ్చి రెండుగా విడిపోతుంది. ప్రోటాన్ చేతిలో సిఫారసు ఉత్తరం ఉంటుంది, తిన్నగా లోపలికి పోతుంది. ఎలక్ట్రాన్‌కు ఉత్తరం లేదు. పొర దాన్ని ఆపి, నువ్వు చుట్టూ తిరిగి రాపో అంటుంది. పాపం అది తీగ పట్టుకుని అంత దూరం నడిచి అవతలికి చేరుతుంది. ఆ నడకే కరెంటు. అంటే మనింట్లో రేపు వెలగబోయే దీపం సిఫారసు లేనివాళ్ల కాళ్ల నొప్పుల మీద వెలుగుతుందన్న మాట. ఇందులో నాకు కొత్తగా అనిపించినదేమీ లేదు.

ఇంకొక్క సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ప్రోటాన్ పొరలోపల ఒక సీటు మీదినుంచి ఇంకో సీటు మీదికి గెంతుకుంటూ పోతుంది. ఆ సీట్లు ఖాళీగా ఉండాలి. పొరను మామూలు కొళాయి నీళ్లలో వేశామా, ఆ నీళ్లలోని సున్నమో ఇంకో లోహమో వచ్చి, బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసినట్టు ఆ సీట్లు పట్టేసుకుంటుంది. ఇక కదలదు. అందుకని పొరను పలచటి ఆసిడ్‌లో ఉడికించి, డిస్టిల్డ్ వాటర్‌లో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌లోనే దాచాలి. తిరుపతి బోరు నీళ్లు ఎలాంటివో బకెట్టు అంచున కట్టే తెల్లటి పెచ్చు చూస్తే చాలు.

పొర చెయ్యడం మాత్రం మా అమ్మ గంజి వడియాలు పెట్టినంత పనే. పాలిమర్ పొడిని కరిగించి, చిక్కటి ద్రావకాన్ని గాజు పలక మీద పోసి, సన్నటి సెగలో ఆరబెట్టి, ఆరినాక నీళ్లు తగిలిస్తే అంచు లేస్తుంది. నిదానంగా వలుచుకోవాలి. మా అమ్మ వడియాలు ఎండలో ఒక్కపూటలో అయిపోయేవి. నా పొరలకు అయిదేళ్లు పట్టింది. మా అమ్మవి తినడానికైనా పనికొచ్చేవి.

మా గైడు సారు గురించి చెప్పాలంటే ఆయన చిత్తూరు మనిషి, మర్యాదస్తుడు, పెద్ద పెద్ద జర్నళ్లలో పేపర్లు ఉన్నవాడు. రాహుకాలంలో హైడ్రోజన్ సిలిండరు తిప్పనివ్వడు. హైడ్రోజన్‌కూ రాహువుకూ పడదని ఎక్కడ చదివాడో నేను అడగలేదు. కొత్త మిషను వస్తే దాని మాన్యువల్ కంటే ముందు నిమ్మకాయలు వచ్చేవి. నేను వెనకాల నిలబడి నవ్వేదాన్ని. అప్పుడప్పుడు ముందర నిలబడి కూడా నవ్వేదాన్ని. "నిమ్మకాయలో కూడా ఆసిడే కదా సార్, పొరకు మంచిదే" అని ఒకసారి అంటే, ల్యాబులో అందరూ నవ్వారు. అప్పటినుంచి నాకు ఆ పేరు స్థిరపడిపోయింది. దేవుడంటే లెక్కలేని పిల్ల, సైన్సు పిల్ల. ఆ పేరు నాకు భలే ఇష్టంగా ఉండేది.

మా ల్యాబులో ఊడ్చి తుడిచే ఆయమ్మది రేణిగుంట అవతల ఒక పల్లె. యాభై దాటి ఉంటాయి. ఆదివారం చర్చికి పోతుంది, మిగతా ఆరు రోజులూ ఏడుగంటల బస్సుకు మా దగ్గరికి వస్తుంది. మోకాళ్లు అరిగిపోయాయి. అంతకుముందు ఏళ్ల తరబడి హాస్టల్లో నాలుగంతస్తులు ఎక్కుతూ దిగుతూ తుడిచింది. ల్యాబు కింది అంతస్తులో ఉండటంతో ఇక్కడికి వచ్చాక ప్రాణం లేచివచ్చిందని చెప్పేది. పని కాంట్రాక్టరు కింద. ఏటా దసరా నెలాఖరుకు డిపార్టుమెంటు పెద్ద "పని సంతృప్తికరం" అని ఒక ఉత్తరం మీద సంతకం పెడితే ఇంకో ఏడాది ఉంటుంది, పెట్టకపోతే లేదు. డిపార్టుమెంటు పెద్ద అప్పుడు మా సారే. ఆ ఒక్క సంతకం మీదే ఆయమ్మ మోకాళ్లు ఆధారపడి ఉండేవి.

గాజుసామాను కడగడం ఆయమ్మకు నేనే నేర్పించాను. కొళాయి నీళ్లతో కడిగినా, చివర మాత్రం నీలం మూత డబ్బాలోని డిస్టిల్డ్ నీళ్లే పోయాలని ఒక్కసారి చెప్పాను. మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఎమ్మెస్సీ పిల్లలకు ఏడాదికి నాలుగుసార్లు చెప్పేదాన్ని, అయినా వాళ్లు పోసేది కొళాయి నీళ్లే. ఆయమ్మ నా పొరను "కవరు" అనేది. "పాపా, నీ కవరు ఈ పొద్దు పలక మీంచి చినక్కుండా లేసొచ్చింది సూడు" అనేది సంబరంగా.

ఆ ఏడు నాకు ఆఖరు గడువు. విజయదశమి మరుసటి రోజు కమిటీ వస్తుంది. పొర పెట్టిన సెల్లు పనిచేసి, దానికి తగిలించిన చిన్న ఫ్యాను తిరగాలి. తిరిగితే ఆరు నెలలు పొడిగిస్తారు. తిరక్కపోతే చిన్నాయన చెప్పిన గోడౌను. చేసిన ఆరు పొరల్లో అయిదు ఏదో ఒక వంకకు పోయాయి. ఒక్కటే నిలబడింది. మధ్యలో చిన్న చుక్క కూడా లేకుండా, చేత్తో పట్టుకుంటే అవతలి వేళ్లు కనిపించేంత శుభ్రంగా ఉండేది. అష్టమి రోజు మధ్యాహ్నం దాన్ని ఆసిడ్‌లో ఉడికించి తీశాను. కడగడం ఇంకా సగంలోనే ఉండగా కార్వేటినగరం నుంచి అమ్మ ఫోను చేసింది.

"మేయ్, గుళ్లో నీ పేరు మీద అర్చన చేయించినా. తీర్థం సీసాలో పోసి మన పక్కింటాయన బస్సుకు వస్తా ఉంటే పంపించినా. నువ్వేదో పొర అంటావే, దాన్ని ఆ తీర్థంలో వేసి రేత్రికి దేవుని పటం ముందర పెట్టు" అంది.

"అమ్మా, అది పొర. దానికి నీళ్లే పడవు. నీకు చెప్పినా గదా" అన్నాను.

"నీళ్లు పడవులే. తీర్థం పడతాది" అంది అమ్మ, నా చదువంతా తీసి పక్కన పెడుతూ.

ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. సారు నిమ్మకాయలు చూసి నవ్విన నేను, ఎమ్మెస్సీ పిల్లలకు లోహాల గురించి ఉపన్యాసాలు ఇచ్చిన నేను, ఆ సాయంత్రం బస్టాండుకు పోయి సీసా తెచ్చుకున్నాను. గదిలో పూజకు అమ్మ ఎప్పుడో ఇచ్చిన రాగి చెంబు ఉంది. చింతపండు పెట్టి తళతళలాడేట్టు తోమాను. తులసాకు, పచ్చకర్పూరం ఉన్న తీర్థం అందులో పోసి, ల్యాబు నుంచి డబ్బాలో పెట్టుకుని తెచ్చిన పొరను అందులోకి జార్చి, దేవుని పటం ముందర పెట్టాను. దణ్ణం కూడా పెట్టుకున్నాను. భయం అంత పని చేస్తుంది. సగం కడిగిన ఆసిడ్ పొరను, తోమిన రాగి పాత్రలో, రాత్రంతా. ఈ ప్రశ్న పరీక్షలో ఇచ్చి ఏం జరుగుతుందో రాయమంటే పన్నెండో తరగతి పిల్ల కూడా సరిగ్గా రాస్తుంది. నేను ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

పొద్దున చెంబులోదంతా స్టీలు టిఫిన్ డబ్బాలోకి వంచి, ఆటో పట్టుకుని ల్యాబుకు పోయాను. ఇంకా ఎవరూ రాలేదు. తీర్థంతో సహా పొరను బీకరులో పోసి మూత పెట్టి, మెల్లగా కడుక్కుందాంలే అనుకుంటుండగా సారు ఫోను. ఆయుధపూజకు బూడిద గుమ్మడికాయ తేవాలి, పోయినేడు పిల్లలు తెచ్చింది పిందెలాగా ఉండింది, నువ్వే చూసి తీసుకురామ్మా అన్నాడు. అయిదేళ్ల పరిశోధన తర్వాత సారు నా మీద పెట్టుకున్న నమ్మకం అది.

నేను గుమ్మడికాయతో తిరిగొచ్చేసరికి ల్యాబు మెరిసిపోతోంది. పూజ రోజు నిలవ నీళ్లు ఉండకూడదని ఆయమ్మ బల్లలు కడిగి, ఉన్న పాత్రలన్నిట్లో నీళ్లు మార్చింది. నా బీకరులో కూడా తేటగా కొత్త నీళ్లు ఉన్నాయి. తులసాకు లేదు, వాసన లేదు. ఎవరూ చూడలేదని నాకు గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. పొరను మళ్లీ ఆసిడ్‌లో వెయ్యాలన్న ఆలోచన వచ్చింది కానీ, పూజ రోజు మిషన్లను, పొయ్యిని ముట్టకూడదు. మరుసటి రోజు పండగ, తాళం. అయినా నీళ్లు నీళ్లే కదా అనుకున్నాను. అయిదేళ్లు చదివి నేను తేల్చుకున్నది అది.

పూజ ఘనంగా జరిగింది. మైక్రోస్కోపుకు గంధం, కంప్యూటరుకు కుంకుమ. హైడ్రోజన్ సిలిండరు మెడలో చామంతి దండ. దాని పక్కన "ఇక్కడ నిప్పు నిషేధం" అని ఎర్రక్షరాల బోర్డు ఉంటుంది. ఆ బోర్డుకు కూడా మూడు బొట్లు పెట్టి, దాని ముందరే సారు కర్పూరం వెలిగించి హారతి ఇచ్చాడు. సిలిండరు ఏ కళనుందో పేలలేదు. ఆయమ్మ వాకిలి దగ్గర నిలబడి చూసి, ప్రసాదం బొరుగులు మాత్రం కొంగులో పోయించుకుని, గుమ్మడికాయ ముక్కలు ఊడ్చుకుని పోయింది.

కమిటీ రోజు ఫ్యాను తిరగలేదు. మొదట కొంచెం కదిలింది. తర్వాత ముసలాయన తల అడ్డంగా ఆడించినట్టు ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి నిలబడిపోయింది. కమిటీలో ఒకాయన వేలు పెట్టి తిప్పి చూశాడు. వేలితో అయితే బాగానే తిరిగింది. సారు ముఖం కందగడ్డయింది. పది రోజుల్లో మళ్లీ చూపిస్తామని బతిమాలి, వాళ్లకు భోజనం పెట్టించి పంపాడు.

తర్వాత విచారణ మొదలైంది.

"ఈ బీకరు ఎవరు ముట్టినారు?" అన్నాడు సారు.

"నేనే సార్. పండగనాడు నీళ్లు మార్చినా" అంది ఆయమ్మ.

"యాడి నీళ్లు పోసినావు?"

"డబ్బాలోవే సార్. నీలం మూత డబ్బా. పాప చెప్పినట్లే."

"అన్ని పాత్రలకూ డబ్బా నీళ్లే పోసినావా? అన్ని నీళ్లు యాడుండాయి? కొళాయి తిప్పేసి పోసుంటావు. ఉన్నది చెప్పు."

"లేదు సార్. అన్నిటికీ కొళాయి నీళ్లే, కవరు ఉండే గిన్నెకి మాత్రం డబ్బాలోవి" అంది. అని, ఒకసారి నా వైపు చూసింది. ఏదో చెప్పబోయినట్టుంది. చెప్పలేదు.

సారు నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వు చూసినావా, ఈయమ్మ ఏం నీళ్లు పోసిందో?"

"నేను చూళ్లేదు సార్" అన్నాను.

అబద్ధం కాదు. నేను నిజంగానే చూడలేదు. నా నోట్లో ఆ క్షణాన చాలా మాటలు ఉన్నాయి. రాగి చెంబు ఉంది, తీర్థం ఉంది, సగం కడిగిన ఆసిడ్ ఉంది. వాటన్నిట్నీ ఆపి, నాకు పనికొచ్చే ఒక్క చిన్న నిజాన్ని మాత్రం బయటికి వదిలాను. నేను చేసిన పొరల్లో ఏ ఒక్కటీ అంత శుభ్రంగా పనిచెయ్యలేదు. తీర్థం మాట చెబితే అందరూ నవ్వుతారు, సైన్సు పిల్ల బండారం బయటపడుతుంది. నా భయమంతా అదే. ఆయమ్మ సంతకం అప్పటికి నాకు గుర్తుకు రాలేదని చెప్పగలిగితే బాగుండేది. గుర్తుకు వచ్చింది.

అయిదో రోజే నెలాఖరు, సారు సంతకం పెట్టలేదు. ఆయమ్మ గొడవ చెయ్యలేదు. తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "డబ్బాలో నీళ్లు అయిపోవచ్చినాయి పాపా, తెచ్చేవోళ్లకి చెప్పు" అని చెప్పి, చెప్పులు తొడుక్కుని బస్సుకు పోయింది.

ఆయమ్మ పోయిన మూడో రోజు పొర ముక్క రిపోర్టు వచ్చింది. కొళాయి నీళ్ల సున్నం ఎంత పట్టిందో చూద్దామని సారే ఒక మూల కత్తిరించి మిషను గదికి పంపించాడు. సున్నం లేదు. రాగి ఉంది, కావలసినంత.

"రాగా? రాగి యాడ నుంచి వచ్చింది?" అని సారు గడ్డం గీరుకున్నాడు. మా ల్యాబులో కొళాయి గొట్టాలన్నీ ప్లాస్టిక్. "లోపల యాడన్నా ఇత్తడి జాయింటు ఉంటాదిలే" అని ఆయనే తీర్మానించాడు. ఆ తర్వాత ఆయన కళ్లు మెరిశాయి. "అమ్మా, ఇది మంచిదే. రాగి పడితే పొర ఎట్లా చెడతాది, మళ్లీ ఎట్లా బాగుచెయ్యాల, ఇది ఒక చాప్టరు అవుతాది" అన్నాడు.

అయింది. పొరలో మిగిలిన భాగాన్ని పలచటి ఆసిడ్‌లో గంటసేపు ఉడికించాను. గంటంటే గంట. సీట్ల మీది తువ్వాళ్లన్నీ లేచిపోయాయి. కడిగి, మళ్లీ సెల్లులో బిగిస్తే ఫ్యాను గిర్రున తిరిగింది. కమిటీ చప్పట్లు కొట్టింది. నాకు ఆరు నెలలు వచ్చాయి. సారుకు చాప్టరు వచ్చింది. నేను ఆ రోజు సాయంత్రం గదికి పోయి, చెంబు తీసి మంచం కిందికి తోసేశాను. చెంబు చేసిన తప్పేమీ లేదు.

ఆయమ్మ ఎక్కడుందో కనుక్కుని పోవడానికి పదకొండు రోజులు పట్టింది. అడ్రసు దొరక్క కాదు. బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో పనిచేస్తోందని రెండో రోజే తెలిసింది. మిగిలిన తొమ్మిది రోజులూ ఏం చెప్పాలో మాటలు కూర్చుకున్నాను. పొరపాటు ఎక్కడో జరిగిందట, నీ తప్పు లేదని తేలిందట, అని ఎవరో చేసినట్టు చెబుదామని తయారుచేసుకున్నాను.

ఆయమ్మ మూడో అంతస్తు మెట్ల మీద దుప్పట్ల మూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. లాడ్జికి లిఫ్టు ఉంది, యాత్రికులకు. పనివాళ్లు మెట్ల మీద పోవాలి.

"పాపా! ఈడికెట్లా వచ్చినావు? చెయిరు తెప్పిస్తా ఉండు" అని లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చుండిపోయింది.

నేను మెట్టు మీద పక్కనే కూర్చున్నాను. కూర్చుకున్న మాటలు మొదలుపెట్టాను. "రిపోర్టు వచ్చిందమ్మా. నువ్వు పోసింది మంచినీళ్లే అని తేలింది. పొరలో రాగి ఉందట..."

"రాగి చెంబులో పెట్టినావా తీర్థం?" అంది ఆయమ్మ.

అవునని తలూపాను.

"పండగ పొద్దున్నే గిన్నె మూత తీస్తానే గుప్పుమని వాసన కొట్టింది. పచ్చకర్పూరం. తులసాకు ఒకటి కవరుకి అంటుకోనుండాది. ఓహో, పాప దేవునికి పెట్టి తెచ్చుకుండాది అనుకున్నా. నీళ్లు పారబోసి డబ్బా నీళ్లతో రెండుసార్లు కడిగి పెట్టినా. నీ తీర్థం కాలవలో పొయ్యలేదులే. తొక్కేచోట పొయ్యకూడదంట గదా, వరండాలో మందారం చెట్టుకి పోసినా."

"మరి సారు అడిగినప్పుడు చెప్పలేదెందుకు?" అన్నాను.

ఆయమ్మ నన్ను వింతగా చూసింది. "ఎట్లా చెప్తా? నువ్వు అందరి పూజలకీ నగుతా ఉంటివి. ఈ మాట ఆడ చెప్తే నలుగురూ నిన్ను పట్టుకోని నగరా? ఎవురి దేవుడు వాళ్లకి. నమ్మకంగా పెట్టుకున్నావు, నేనెందుకు బయట పెట్టేది?"

సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. సారు అడిగిన ఆ నిమిషంలో, ఆ ఒక్క గదిలో, నన్ను చూసి నలుగురూ నవ్వకూడదని ఇద్దరం నోరు మూసుకున్నాం. నేను నా కోసం, ఆయమ్మ కూడా నా కోసమే. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. యాత్రికులు లిఫ్టు కోసం నిలబడి చూశారు.

"ఆ కవరు ఏమయింది పాపా? పారేసినారా?" అంది ఆయమ్మ, నా ఏడుపు ఆపడానికి.

"లేదమ్మా. ఆసిడ్‌లో గంటసేపు ఉడికిస్తే బాగైపోయింది. ఫ్యాను తిరిగింది."

"గంటకే బాగైపోయిందా!" అని ఆశ్చర్యపోయింది. "పోనీలే, మంచిదే గదా" అని మూట ఎత్తుకుంది. నేను అందుకోబోతే ఇవ్వలేదు.

మరుసటి రోజు సారుకు అంతా చెప్పాను. ఆయన కాసేపు కిటికీలోంచి మందారం చెట్టు వైపు చూశాడు. ఆయమ్మ చోటులో కాంట్రాక్టరు అప్పుడే ఇంకొకరిని వేసేశాడని, ఇప్పుడు వాళ్లను తీస్తే వాళ్ల ఉసురు తగులుతుందని అన్నాడు. ఉసురు లెక్కలు ఆయనకు బాగా తెలుసు. లేచి వస్తుంటే వెనక్కి పిలిచి, "అమ్మా, థీసిస్‌లో తీర్థం మాట రానీయొద్దు. నిలవ ఉంచిన పాత్ర వల్ల అని రాయి. ఊళ్లో ఉండాల్సినోళ్లం" అన్నాడు. అలాగే రాశాను. నాలుగు పదాలు. వాటిలో కూడా అబద్ధం లేదు.

వైవా రోజు ఆయమ్మను రమ్మని పిలిచాను. రాదనుకున్నాను. లాడ్జిలో సగంపూట సెలవు అడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చి, వెనక వరసలో కుర్చీ అంచున కూర్చుంది. అరగంట బొమ్మలు చూపించాను. బయటి ఊరి నుంచి వచ్చిన ఎగ్జామినరు అయిదో చాప్టరు బాగుందని మెచ్చుకుని, "నిలవ ఉంచిన పాత్ర అన్నారు. ఏం పాత్ర అమ్మా అది?" అని అడిగాడు. సారు మంచినీళ్ల సీసా మూత తిప్పుతూ ఆగిపోయాడు.

"రాగి చెంబు సార్" అన్నాను. "మా అమ్మ పంపిన తీర్థం పోసి, పొరను అందులో వేసి, దేవుని ముందర పెట్టినాను. ఆసిడ్ సరిగ్గా కడక్కుండా."

హాలంతా నవ్వింది. ఎమ్మెస్సీ పిల్లలైతే బల్లలు చరిచారు. ఆ నవ్వు అయిపోయేదాకా ఆగాను. నేను అన్నాళ్లూ భయపడింది ఇదేనా అనిపించింది, ఇంత చిన్నదా అనిపించింది.

"పొర చెడింది నా వల్ల. నీళ్లు మార్చిన ఆయమ్మ సరైన నీళ్లే పోసింది. ఆ సంగతి తెలిసి కూడా నేను చెప్పలేదు. ఆమె పని పోయింది. అదిగో, వెనక కూర్చున్నది ఆమే" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. తలలు వెనక్కి తిరిగాయి. ఆయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసింది. ఎగ్జామినరు గొంతు సవరించుకుని, గ్రాఫులో ఉష్ణోగ్రత ఎంతో అడిగాడు. చెప్పాను. పావుగంటలో నన్ను డాక్టరుగా ప్రకటించారు, టీలు, సమోసాలు వచ్చాయి, అందరూ చేతులు కలిపి వెళ్లిపోయారు. ఆయమ్మకు పని వెనక్కి రాలేదు. దాని గురించి ఎవరూ ఒక్క మాట కూడా అడగలేదు.

హాలు ఖాళీ అయ్యాక ఆయమ్మ నా దగ్గరికి వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి, కోపంగా కూడా ఉన్నాయి.

"ఎందుకు చెప్పినావు పాపా అంతమందిలో? సూడు, అందరూ నగినారు" అంది.

అని, అలవాటు కొద్దీ బల్లల మీది ఖాళీ టీ గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. నేను వాటిని ఆమె చేతుల్లోంచి తీసుకుని, ఆమెను ముందు వరసలో, ఎగ్జామినరు కూర్చున్న కుర్చీలో కూర్చోబెట్టాను. మోకాళ్లు చాపుకుని కూర్చుంది. మిగిలిన గ్లాసులు నేనే ఏరుకున్నాను.